మొదటి ట్రాక్ డే: వెళ్లే ముందు నెల రోజులు

పాశమైలారంలోనో బొల్లారంలోనో షిఫ్ట్ మారే వేళ ఏదైనా ఫ్యాక్టరీ పార్కింగ్ షెడ్డులోకి ఒకసారి తొంగిచూడండి. ప్యాషన్లు, షైన్‌ల మధ్య ఆర్‌15లు, ఆర్‌సీలు, డ్యూక్‌లు, అపాచీలు, ఎన్‌ఎస్ పల్సర్లు కనిపిస్తాయి. నెలనెలా ఈఎంఐ కడుతూ జీతంలో పెద్ద ముక్క బండికే పెడుతున్న కుర్రాళ్లవి అవి. గంటకు నూట ముప్పై పైచిలుకు పోయే బండి చేతికొచ్చింది గానీ అంత వేగంగా పోనిచ్చే చోటు మాత్రం బీరంగూడ చుట్టుపక్కల ఎక్కడా లేదు. ముత్తంగి దగ్గరే ఔటర్ రింగ్ రోడ్డు ఉంది. 158 కిలోమీటర్ల నున్నటి రోడ్డు, కానీ దానిమీదికి టూ వీలర్లను రానివ్వరు. ఇక మిగిలింది 65వ నంబరు జాతీయ రహదారి. లారీలు, కంపెనీ బస్సులు, రాంగ్ రూట్లో ఎదురొచ్చే ఆటోలు, డివైడర్ సందులోంచి దాటే జనం. ఆదివారం పొద్దున్నే ఆ రోడ్డు మీద సంగారెడ్డి వైపు పందెం వేసుకుని పోయే వాళ్లను ఈ ప్రాంతంలో అందరూ చూసే ఉంటారు. మోటారు వాహనాల చట్టం 189వ సెక్షన్ ప్రకారం రోడ్డు మీద రేసు పెట్టుకుంటే 3 నెలల దాకా జైలు, 5,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. చట్టం సంగతి అటుంచినా, వాళ్లు ఎదురెళ్లేది పాల క్యాన్లు వేసుకుని వచ్చే మనిషికి, నైట్ డ్యూటీ దిగి ఇంటికి పోతున్న మనిషికి.

ఈ అధ్యాయం ఆ కుర్రాళ్ల కోసం. వేగం మీద మీకున్న ఇష్టాన్ని చంపుకోమని నేను చెప్పను. దానికొక చోటుంది, పద్ధతుంది, నేర్పేవాళ్లున్నారు. దాన్ని ట్రాక్ డే అంటారు. అది రేసు కాదు. కప్పులుండవు, స్థానాలుండవు. ఒక సర్క్యూట్‌ను రోజంతా అద్దెకు తీసుకుని, రైడర్లను అనుభవాన్ని బట్టి రెండు మూడు గ్రూపులుగా విడగొట్టి, ఒక్కో గ్రూపును పదిహేను ఇరవై నిమిషాల చొప్పున ట్రాక్ మీదికి వదులుతారు. ఎదురొచ్చే బండి ఉండదు, గుంత ఉండదు, కుక్క అడ్డం రాదు. పడితే ఎత్తడానికి మార్షల్స్, అంబులెన్స్ సిద్ధంగా ఉంటాయి.

మన వాళ్లు ఎక్కువగా వెళ్లేది చెన్నైకి. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ రేసు జరిగినప్పుడు హైదరాబాద్‌కు ట్రాక్ వచ్చేసిందని చాలామంది సంబరపడ్డారు. కానీ అది ఊళ్లో రోడ్లకే గోడలు కట్టి తయారుచేసిన 2.8 కిలోమీటర్ల తాత్కాలిక ట్రాక్. రేసయ్యాక అదే రోడ్డు మీద మళ్లీ సిటీ బస్సులు తిరిగాయి. చెన్నైలో అలా కాదు. అక్కడ మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ 1953లో పుట్టింది. మొదట్లో వాళ్లు షోలవరంలో యుద్ధకాలం నాటి ఎయిర్‌స్ట్రిప్ మీద రేసులు పెట్టేవారు. నెల్లూరు మీదుగా చెన్నైకి రోడ్డున వెళ్లే తెలుగువాళ్లంతా రెడ్‌హిల్స్‌కు కాస్త ముందు దాటే ఊరే అది. తర్వాత శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో సొంత ట్రాక్ కట్టుకున్నారు. 1990లో మొదలైంది. ఇప్పుడు మద్రాస్ ఇంటర్నేషనల్ సర్క్యూట్ అంటున్నారు. పూర్తి చుట్టు 3.717 కిలోమీటర్లు, 12 మలుపులు. కోయంబత్తూరులో కరి మోటార్ స్పీడ్‌వే ఉంది, 2.1 కిలోమీటర్ల ట్రాక్. 2023లో మోటోజీపీ జరిగిన బుద్ధ్ సర్క్యూట్ ఢిల్లీ పక్కన గ్రేటర్ నోయిడాలో ఉంది, కానీ అది మనకు చాలా దూరం. పైగా కొత్తవాళ్లకు అంత పెద్ద ట్రాక్ మొదటిసారే అక్కర్లేదు.

ట్రాక్‌కు కొత్త బండి కొనాలా అని చాలామంది అడుగుతారు. అక్కర్లేదు. మీ దగ్గరున్న నూట యాభయ్యో రెండొందలో సీసీ బండే మొదటి ట్రాక్ డేకి మంచిదని నా గట్టి నమ్మకం. పెద్ద బండి స్ట్రెయిట్‌లో మిమ్మల్ని భయపెట్టి, ఆ భయం మలుపు దాకా వెంట తెస్తుంది. చిన్న బండి మీద బుర్ర ఖాళీగా ఉంటుంది. ఎక్కడ బ్రేక్ పట్టాలి, ఎటు చూడాలి అని ఆలోచించడానికి వీలుంటుంది.

ముందు బ్రేక్ సంగతి

తెలుగునాట బండి నేర్పే ప్రతి అన్నా, ప్రతి బాబాయీ మొదట చెప్పే మాట ఒకటుంది: ముందు బ్రేక్ ముట్టుకోకు, పల్టీ కొడతావ్. ఈ మాట మన కుర్రాళ్ల చేతుల్లో ఎంతగా పాతుకుపోయిందంటే పదేళ్లు బండి నడిపినవాళ్లు కూడా కుడికాలితోనే ఆపుతారు. ట్రాక్‌కు వెళ్లే ముందు మానుకోవాల్సిన అలవాట్లలో మొదటిది ఇదే.

బ్రేక్ పట్టగానే బండి బరువు ముందుకు వాలుతుంది. ముందు చక్రం నేలను గట్టిగా అదుముకుంటుంది, వెనక చక్రం తేలికవుతుంది. కాబట్టి ఆపే శక్తిలో ఎక్కువ భాగం ముందు చక్రం దగ్గరే ఉంటుంది. తేలికైన వెనక చక్రాన్ని కాలితో గట్టిగా తొక్కితే అది జారుతుంది, అంతే. మరి ముందు బ్రేక్ పట్టినవాళ్లు ఎందుకు పడ్డారు? ఒక్కసారిగా గుంజారు గనుక. బరువు ముందుకు చేరకముందే చక్రం బిగుసుకుపోయింది. లివర్‌ను మొదట మెత్తగా అందుకుని, ఫోర్కులు కిందికి దిగడం చేతికి తెలిశాక, పట్టు పెంచుకుంటూ పోవాలి. చివర్లో వదిలేటప్పుడూ అంతే నెమ్మదిగా వదలాలి. ఈ మొత్తం పని ఒకటి రెండు సెకన్లలో అయిపోతుంది, కానీ అందులో మూడు దశలు ఉన్నాయని చేతికి తెలియాలి.

2019 ఏప్రిల్ నుంచి మన దేశంలో 125 సీసీ దాటిన కొత్త బండ్లన్నిటికీ ఏబీఎస్ తప్పనిసరి. మీ బండికి అది ఉంటే ఇంకా ధైర్యంగా సాధన చేయొచ్చు. ఇందుకు హైవే ఎక్కొద్దు. అమీన్‌పూర్, సుల్తాన్‌పూర్ వైపు ప్రహరీ కట్టి ఖాళీగా ఉన్న స్థలాలు బోలెడు. తెలిసినవాళ్ల స్థలంలో అనుమతి అడిగి, ఇసుక లేని నేల చూసుకుని, హెల్మెట్, గ్లౌజులు, బూట్లు అన్నీ వేసుకుని ముప్పై, నలభై వేగంలో మొదలుపెట్టండి. ఒక ఇటుకను గుర్తుగా పెట్టి, అక్కడ బ్రేక్ మొదలుపెట్టి ఎంత దూరంలో ఆగారో అడుగులతో కొలవండి. వారం తర్వాత మళ్లీ కొలవండి.

ఎందుకింత పట్టుబడుతున్నానంటే, ట్రాక్ మీద వేగం పెరిగేకొద్దీ ఆగే దూరం మన మనసు అనుకున్నట్టు పెరగదు. వేగం రెట్టింపైతే దూరం నాలుగింతలవుతుంది. మంచి బ్రేకులున్న బండి అరవై నుంచి ఆగడానికి సుమారు 18 మీటర్లు తీసుకుంటే, నూట ఇరవై నుంచి 70 మీటర్లు దాటుతుంది. పైగా ఇది బ్రేక్ పట్టిన తర్వాతి దూరం. నూరు వేగంలో ఒక్క సెకను తడబడితే ఆ సెకనులోనే 28 మీటర్లు వెళ్లిపోతాం.

మెకానిక్ దగ్గర ఒక పూట

ట్రాక్ డేకి పది రోజుల ముందు బండిని మీకు నమ్మకమున్న మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లి, మీరు పక్కనే కూర్చోండి. బండి ఇచ్చి సాయంత్రం వస్తా అని వెళ్లిపోవద్దు. మన షెడ్లలో పనిచేసే అన్నలకు ట్రాక్ డే అంటే తెలియకపోవచ్చు, బండి మాత్రం బాగా తెలుసు.

"గిదేందన్నా, అద్దాలు గూడ ఇప్పమంటున్నవ్?"

"ట్రాక్ మీదికి పోతున్న తమ్మీ. పడితే అద్దం ముక్కలు రోడ్డుమీద ఉండొద్దట."

"అట్లయితే సైడ్ స్టాండు గూడ తీసెయ్యాలె. మలుపుల నేలకు తాకుతది."

ఇంత చెబితే చాలు, మిగతాది వాళ్లే ఊహిస్తారు. అద్దాలు విప్పాలి, ఇండికేటర్లు వీలైతే తీయాలి. హెడ్‌లైట్, టెయిల్ లైట్ మీద టేపు అంటించాలి. నంబర్ ప్లేటు తీయాలి, లేదా అంచులు కప్పాలి. సైడ్ స్టాండు, మెయిన్ స్టాండు తీసేయాలి, కుదరకపోతే గట్టి తీగతో కట్టాలి. సీటు కింద టూల్ కిట్, కాగితాలు, పాత గుడ్డ అన్నీ ఖాళీ చేయాలి. కూలెంట్ ఉన్న బండైతే చాలా చోట్ల దాన్ని తీసేసి మామూలు నీళ్లు పోయమంటారు. కూలెంట్ కారితే ట్రాక్ జిడ్డుగా మారి వెనకొచ్చేవాళ్లు జారిపోతారు, నీళ్లయితే ఎండకు ఆరిపోతాయి. ఏమేమి తీయాలో నిర్వాహకులు ముందే కాగితం పంపుతారు, దాన్ని ప్రింట్ తీసి మెకానిక్ చేతికివ్వండి. పొద్దున్నే స్క్రూటినీలో వాళ్లు చూసేవి కూడా అవే.

మీరు పక్కనుండి తప్పక చూడాల్సినవి బ్రేకులు, టైర్లు. ప్యాడ్ మందం సగం కంటే తగ్గి ఉంటే మార్చేయండి. రోడ్డు మీద ఇంకా రెండు నెలలు వస్తుందని మెకానిక్ అంటాడు, నిజమే, కానీ ట్రాక్ మీద ఒక్క రోజులోనే ఆ రెండు నెలల అరుగుదల జరగొచ్చు. ఇక బ్రేక్ ఆయిల్. చాలామంది బండి కొన్నప్పటి నుంచీ దాన్ని మార్చరు. ఈ ఆయిల్ గాలిలో తేమను పీల్చుకుంటుంది. కొత్త డాట్ 4 ఆయిల్ కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదన్నది ప్రమాణం. తేమ బాగా పట్టాక అదే ఆయిల్‌కు ఆ హద్దు 155 డిగ్రీలు. వరసగా గట్టిగా బ్రేకులు పడుతుంటే కాలిపర్ వేడెక్కి లోపల ఆవిరి బుడగలు పుడతాయి. అప్పుడు లివర్ హ్యాండిల్ దాకా వచ్చేస్తుంది, బండి ఆగదు. సీసా ఆయిల్‌తో పోయే ప్రమాదం ఇది. కొత్తది పోయించి, లైన్లో గాలి లేకుండా బ్లీడ్ చేయించి, లివర్ గట్టిగా ఉందో లేదో మీ వేళ్లతో మీరే నొక్కి చూడండి.

టైర్ల గురించి మన జిల్లావాళ్లకు పరిచయం అక్కర్లేదు. సదాశివపేటలో ఎంఆర్‌ఎఫ్ ఫ్యాక్టరీ ఉంది, అందులో పనిచేసే చుట్టమో స్నేహితుడో చాలా ఇళ్లకు ఉంటారు. టైరు పక్కగోడ మీద నాలుగు అంకెలుంటాయి. 2322 అని ఉంటే 2022లో 23వ వారం తయారైందని అర్థం. ఐదారేళ్లు దాటి గట్టిపడిన రబ్బరుతో, గాట్లు మిగిలి ఉన్నా సరే, వెళ్లొద్దు. గాలి విషయంలో ఎవరో చెప్పిన ఒక్క అంకెను పట్టుకోవద్దు. ట్రాక్ మీద టైరు వేడెక్కి లోపల ఒత్తిడి పెరుగుతుంది గనుక చల్లగా ఉన్నప్పుడు రోడ్డు మీదకంటే కాస్త తగ్గించి మొదలుపెడతారు. ఎంత తగ్గించాలన్నది మీ టైరును చూసి అక్కడి శిక్షకుడు చెబుతాడు. సొంత ప్రెజర్ గేజ్ ఒకటి కొనుక్కోండి. పెట్రోల్ బంకు మీటర్లు ఒక్కొక్కటి ఒక్కో లెక్క చూపిస్తాయి.

చైన్ లూజు, ఇంజనాయిల్ మట్టం, డ్రైన్ బోల్టు బిగుతు, యాక్సిలరేటర్ వదలగానే టక్కున వెనక్కి రావడం, హ్యాండిల్ బేరింగుల్లో ఆట లేకపోవడం చూసుకుంటే బండి పని దాదాపు అయినట్టే.

ఒంటిమీదికి

హెల్మెట్ మొదటి ఖర్చు. ముఖమంతా మూసేది, ఐఎస్‌ఐ గుర్తున్నది, వీలైతే ఈసీఈ 22.06 ప్రమాణమున్నది, గడ్డం కింద డబుల్ డి రింగ్ బకిల్ ఉన్నది తీసుకోండి. నోరు పైకి లేచే ఫ్లిప్ హెల్మెట్లు ట్రాక్‌కు పనికిరావు. ఒకసారి గట్టిగా కిందపడ్డ హెల్మెట్ పైకి బాగానే కనిపించినా లోపలి థర్మాకోల్ నలిగిపోయి ఉంటుంది. స్నేహితుడు ఇస్తానన్నా అటువంటిది తీసుకోవద్దు.

లెదర్ సూట్ ఖరీదైన వస్తువు. దానికోసం చిట్టీ పాడొద్దు, క్రెడిట్ కార్డు గీకొద్దు. మొదటిసారి అద్దెకు తీసుకోండి, చాలామంది నిర్వాహకులు అద్దెకిస్తారు, ముందే మీ కొలతలు అడుగుతారు. సూట్ బిగుతుగా ఉండాలి. వదులుగా ఉంటే పడి జారేటప్పుడు మోచేతి దగ్గరుండాల్సిన గట్టి కప్పు పక్కకు జరిగిపోతుంది. రెండు ముక్కల సూటైతే నడుం చుట్టూ జిప్‌తో కలవాలి. వీపుకు బ్యాక్ ప్రొటెక్టర్ విడిగా పెట్టుకోండి. గ్లౌజులు మణికట్టు దాటాలి.

బూట్ల దగ్గర మన పారిశ్రామికవాడ వాళ్లు ఒక పొరపాటు చేస్తుంటారు. కంపెనీ ఇచ్చిన సేఫ్టీ షూ గట్టిగా ఉంది కదా, సరిపోతుందనుకుంటారు. ముందున్న ఇనుప టోపీ వేళ్ల మీద బరువు పడకుండా కాపాడేందుకు పెట్టింది. చీలమండ మెలిపడకుండా అది ఆపలేదు. పైగా ఆ లావు ముక్కు గేర్ లివర్ కిందికి సరిగా పోదు. చీలమండ పైదాకా వచ్చే రైడింగ్ బూట్లే కావాలి.

మనకు ఫ్యాక్టరీలో హాట్ వర్క్ చేయాలంటే పర్మిట్ రాసి, ఒక్కో గడిలో టిక్కు పెట్టి, సంతకాలయ్యాకే వెల్డింగ్ మొదలుపెట్టనిస్తారు. ట్రాక్ డే తయారీని కూడా అలాగే రాసుకోండి. ఒక కాగితం మీద బండి, ఒళ్లు, కాగితాలు, ప్రయాణం అని గళ్లు గీసి, ఒక్క గడి ఖాళీగా ఉన్నా ఈసారికి ఆగిపోండి. ట్రాక్ ఎక్కడికీ పోదు.

ఒంటి సంగతీ ఉంది. ఇరవై నిమిషాల ట్రాక్ సెషన్ గంటసేపు రోడ్డు ప్రయాణం కంటే ఎక్కువ అలసట ఇస్తుంది. తొడలతో ట్యాంకును బిగించి పట్టుకోగలిగితే చేతులు తేలికగా ఉంటాయి, చేతులు తేలికైతే హ్యాండిల్ తన పని తాను చేసుకుంటుంది. నెల రోజులు గుంజీలు, ప్లాంకులు చేయండి. బీరంగూడ గుట్ట మీది మల్లన్న గుడి మెట్లు రోజూ ఎక్కి దిగినా చాలు. నైట్ షిఫ్ట్ వారం అయ్యాక వచ్చే ఆదివారానికి ట్రాక్ డే బుక్ చేసుకోవద్దు. నిద్ర తలకిందులైన మనిషి కళ్లు ఆలస్యంగా చూస్తాయి. ముందు రెండు రోజులు పగటి డ్యూటీ, మర్నాడు సెలవు ఉండేట్టు సూపర్‌వైజర్‌తో ముందే మాట్లాడుకోండి. చెన్నైలో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలు, ఏప్రిల్, మే ఎండలు. జనవరి, ఫిబ్రవరి కొత్తవాళ్లకు హాయిగా ఉంటాయి.

ఇంట్లో చెప్పడం

ఫ్రెండు పెళ్లికి చెన్నై పోతున్నానని చెప్పి ట్రాక్‌కు వెళ్లేవాళ్లున్నారు. దయచేసి అలా వెళ్లొద్దు. ఏదైనా జరిగితే మీ అమ్మానాన్నలకు మొదట వచ్చే ఫోన్ ముక్కూముఖం తెలియని ఊరి ఆసుపత్రి నుంచి రావడం ఎంత ఘోరమో ఆలోచించండి. పైగా మనసులో అబద్ధం పెట్టుకున్నవాడు బండి మీద నిశ్చింతగా ఉండలేడు.

ప్రమాదం లేదని కూడా చెప్పొద్దు. ఉంది. 2023 ఆగస్టులో చెన్నై ట్రాక్ మీదే, జాతీయ ఛాంపియన్‌షిప్ రేసులో బెంగళూరుకు చెందిన పదమూడేళ్ల అబ్బాయి పడి చనిపోయాడు. అది రేసు, మీరు వెళ్లేది శిక్షణకు, ఈ రెంటికీ తేడా పెద్దదే. అయినా ఇంట్లోవాళ్లు ఆ వార్త టీవీలో చూసే ఉంటారు. "గా రేసులెందుకు బిడ్డా మనకు?" అని అమ్మ అడిగితే చిరాకు పడకుండా కూర్చోబెట్టి చెప్పండి. రోడ్డు మీద చేసేదానికంటే ఇది ఎందుకు నయమో, ఒంటిమీద ఏమేం వేసుకుంటారో, అక్కడ డాక్టరుంటాడని చెప్పి, పక్కనోడితో పోటీ పడనని మాటివ్వండి. ఆ మాట నిలబెట్టుకోవడానికే మీకు రోజంతా సరిపోతుంది.

ఇన్సూరెన్స్ కాగితం కూడా ఆ రోజే తీసి చదవండి. మన బండ్ల పాలసీల్లో ఆర్గనైజ్డ్ రేసింగ్, స్పీడ్ టెస్టింగ్‌కు వాడితే వర్తించదని సాధారణంగా రాసి ఉంటుంది. అంటే ట్రాక్ మీద బండి విరిగితే ఖర్చు మీదేనని లెక్కేసుకుని వెళ్లాలి. ఆరోగ్య బీమాలోనూ సాహస క్రీడల గురించి ఒక షరతు ఉంటుంది, అది మీ విషయంలో ఎలా వర్తిస్తుందో ఏజెంటును రాతపూర్వకంగా అడగండి. నిర్వాహకులు సంతకం పెట్టమనే ఇండెమ్నిటీ కాగితాన్నీ చదివే పెట్టండి.

అక్కడి రోజు

బీరంగూడ నుంచి చెన్నై ట్రాక్ దాకా దారి ఆరువందల కిలోమీటర్లు దాటుతుంది. అంత దూరం బండి నడుపుకుంటూ వెళ్లి మర్నాడు ట్రాక్ ఎక్కడం, ఆ సాయంత్రమే తిరుగు ప్రయాణం పెట్టుకోవడం వీరత్వమేమీ కాదు, ప్రమాదం. నలుగురైదుగురు కలిసి ఒక డీసీఎం వ్యాన్ మాట్లాడుకోండి, లేదా బండిని రైల్లో పార్సెల్ వేయండి. పార్సెల్‌కైతే పెట్రోలు పూర్తిగా తీసేయాలి, ఆర్‌సీ కాపీ, గుర్తింపు కార్డు ఉండాలి, స్టేషన్ దగ్గరే ప్యాకింగ్ చేసేవాళ్లుంటారు. రాత్రి మందు ముట్టొద్దు. పొద్దున బ్రీత్ టెస్ట్ చేస్తే వెనక్కి పంపేస్తారు. చేయకపోయినా ముట్టొద్దు.

రిజిస్ట్రేషన్, స్క్రూటినీ అయ్యాక బ్రీఫింగ్ ఉంటుంది. ముందు వరుసలో కూర్చోండి. జెండాలు అక్కడే చెబుతారు, అయినా ఇక్కడినుంచే నేర్చుకుని వెళ్లండి. పసుపు జెండా ఊగితే ముందు ప్రమాదం ఉంది, వేగం తగ్గించాలి, ఎవరినీ దాటకూడదు. ఎరుపు పడితే సెషన్ ఆగిపోయినట్టు, చెయ్యి ఎత్తి నెమ్మదిగా పిట్‌లోకి రావాలి. పసుపు, ఎరుపు చారలుంటే నేల జారుతోందని. నీలం అంటే వెనక వేగంగా వచ్చేవాడున్నాడని. నల్లజెండా మీవైపు చూపిస్తే మీరు ఒక్కరే లోపలికి రావాలి, బండిలోంచి ఆయిల్ కారుతూ ఉండొచ్చు. నలుపు తెలుపు గళ్ల జెండా పడితే సెషన్ అయిపోయింది.

మొదటి సెషన్‌లో శిక్షకుడి వెనకే చుట్లు కొడతారు. టైర్లు చల్లగా ఉంటాయి, మీరూ చల్లగానే ఉంటారు. మూడో గేరులోనో నాలుగో గేరులోనో ఉంచి, గేర్ల గొడవ లేకుండా తిరగండి. ట్రాక్ ఎటు పోతోందో, మలుపు ఎక్కడ బయటి అంచు నుంచి మొదలై లోపలి అంచును తాకి మళ్లీ బయటికి పారుతుందో మాత్రమే చూడండి. కళ్లు ముందు చక్రం మీద కాకుండా మలుపు చివర మీదుండాలి. లోపలికి తిరగకముందే లోపలి అంచును చూడాలి, దాన్ని తాకకముందే బయటికి చూడాలి. బండి చూపు వెంటే పోతుంది. గోడను చూస్తే గోడ వైపే పోతుంది.

వాలు గురించి ఒక లెక్క చెబుతాను. 50 మీటర్ల వ్యాసార్ధం ఉన్న మలుపును గంటకు 60 వేగంతో తిరగడానికి బండి దాదాపు 30 డిగ్రీలు వాలితే చాలు. అదే మలుపులో 80 వేగం కావాలంటే 45 డిగ్రీలు కావాలి. స్పీడోమీటర్‌లో చిన్న తేడాగా కనిపించే ఆ ఇరవై, మామూలు రోడ్డు బండికి ఫుట్‌పెగ్ నేలను గీకేంత పని పెడుతుంది. అందుకే మలుపులోకి కాస్త తక్కువ వేగంతో వెళ్లి, బయటికి వస్తూ యాక్సిలరేటర్ మెల్లగా తెరవమంటారు. ఎక్కువ వేగంతో దూరితే మధ్యలో చేయగలిగింది ఏమీ ఉండదు. అక్కడ భయపడి బ్రేక్ గుంజినా, యాక్సిలరేటర్ టక్కున మూసినా పట్టు తప్పుతుంది. మోకాలు నేలకు తాకించిన ఫొటో కోసం ఆశపడొద్దు. అది రావాల్సినప్పుడు వస్తుంది.

వెనకనుంచి ఎవరో వేగంగా వస్తున్న శబ్దం వినిపిస్తుంది. వెనక్కి తిరిగి చూడొద్దు, దారివ్వాలని పక్కకు జరగొద్దు. మీ గీత మీద మీరు పోతుంటే దాటే బాధ్యత అతనిది. మీరు ఊహించని విధంగా జరిగితేనే ఇద్దరూ పడతారు. ట్రాక్ దాటి గడ్డిలోకి పోతే బండిని నిటారుగా ఉంచి, బ్రేక్ గట్టిగా పట్టకుండా వేగం దానంతట అది తగ్గనివ్వండి. పడితే హ్యాండిల్ వదిలేయండి. బండి దారి బండిది. పూర్తిగా ఆగేదాకా లేవొద్దు. ఆగామనుకుని, ఇంకా జారుతుండగానే లేచి నిలబడబోయి ఎముకలు విరగ్గొట్టుకున్నవాళ్లు ఎందరో. ఆగాక ఇటూ అటూ చూసి ట్రాక్ అవతలికి పరుగెత్తండి. బండి కోసం వెనక్కి రావొద్దు, మార్షల్స్ తెస్తారు.

ప్రతి సెషన్ మధ్య నీళ్లు తాగండి, ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు పెట్టుకెళ్లండి, మధ్యాహ్నం కడుపు నిండా అన్నం తినొద్దు. శిక్షకుడిని ఒక్కసారికి ఒక్క విషయమే అడగండి. ఆఖరి సెషన్‌కు చేతులు లాగుతుంటే, ఒకే మలుపులో రెండుసార్లు గీత తప్పితే, బండి ఆపి సూట్ విప్పేయండి. కట్టిన డబ్బులు వృథా పోతాయని ఎక్కొద్దు. రోజంతా బాగా నడిపి చివరి సెషన్‌లో పడేవాళ్లే ఎక్కువ కనిపిస్తారు.

ఇంటికొచ్చాక అద్దాలు, స్టాండు, నంబర్ ప్లేటు, కూలెంట్ అన్నీ తిరిగి పెట్టించి, ప్యాడ్లు మళ్లీ చూపించి, ఆ తర్వాతే బండిని రోడ్డు మీదికి తీయండి. మొదటి వారం ప్రత్యేకంగా జాగ్రత్త. నూటపాతికకు అలవాటుపడ్డ కళ్లకు డెబ్భై వేగం నడిచినట్టుంటుంది, స్పీడోమీటర్‌ను తప్ప మీ అంచనాను నమ్మొద్దు. ట్రాక్ మీద నేర్చుకున్న చూపునూ బ్రేకునూ బీరంగూడ కమాన్ దగ్గర వాడండి, వేగాన్ని మాత్రం ట్రాక్ దగ్గరే వదిలేసి రండి. మీ కాలనీలోనో మీ షిఫ్ట్‌లోనో ఆదివారం పొద్దున హైవే మీద పందెం కాసే తమ్ముడు ఒకడుంటే, ఈసారి బుకింగ్ తెరిచినప్పుడు అతని పేరు కూడా మీ పేరుతో పాటే రాయించండి.